అత్తయ్య ఆమేన్ అనని ప్రార్థన

మా ఇంట్లో సాతానును ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "వాడు" అంటే చాలు, అందరికీ తెలిసిపోయేది. పాలు విరిగితే వాడు, కట్టెలు తడిస్తే వాడు, ఆదివారం సరిగ్గా మందిరానికి బయలుదేరే వేళకు చీర చిరిగితే ఖాయంగా వాడే. పొయ్యి అంటుకోని రోజున మా అత్తయ్య ఊదుగొట్టం పక్కన పెట్టి, పొగలోకి చూస్తూ, "నీ పొయ్యి నీకు వేరే ఉన్నదిగదరా, గాడికి పో. నా పొయ్యికాడ నీకేం పని?" అని గదిమేది. ఆ తర్వాత ఒక్క ఊదుకే మంట లేచేది. అది ఆవిడ విశ్వాసమో, ఆలోపు కట్టె ఆరిందో నేను చెప్పలేను. చెప్పగలననుకున్న రోజులు ఉన్నాయి. ఇది వాటి గురించే.

నేను పుట్టింది కోదాడలో. మా నాన్న బడిపంతులు. హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివాను. ఆ రోజుల్లో మా వాళ్ళలో ఏడు చదివిన ఆడపిల్లంటే ఊరేగించడమొక్కటే తక్కువ. హాస్టల్లో నాకు అబ్బిన అసలు విద్య ప్రార్థన చెయ్యడం. సృష్టి దగ్గర మొదలుపెట్టి, అధికారులనూ రోగులనూ దారినపోయే వాళ్ళనూ తలచుకుని, ఎక్కడా తడబడకుండా పావుగంట లాగగలిగేదాన్ని. పోలీసు చర్య అయిన మరుసటేడు సూర్యాపేటలో ఒక పంతులుగారికి నన్నిచ్చి చేశారు. పద్దెనిమిదేళ్ళ వయసు, ఏడు తరగతుల చదువు, పావుగంట ప్రార్థన, ముక్కు మీద కోపం. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న సామాను అదీ.

మా అత్తయ్యకు అక్షరం ముక్క రాదు. భర్త పోయాక కూలికి వెళ్ళి కొడుకును పంతుల్ని చేసింది. నాట్లేసే ఆడవాళ్ళ గుంపుకు ఆవిడే పెద్ద. ఎవరి పొలంలో నాటు పడాలన్నా ముందు ఆవిడకు కబురు రావాలి. విశ్వాసి రోజూ తొడుక్కోవాల్సిన సర్వాంగ కవచం గురించి ఎప్పుడో ఒక ప్రసంగంలో విన్నదట. విన్నదాన్ని విన్నట్టు వదిలేసే మనిషి కాదు ఆవిడ. పొద్దున్నే పనికి బయలుదేరే ముందు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే తొడుక్కునేది, నాకూ తొడిగించేది.

కొంగు నడుముకు బిగించి దోపడం సత్యమనే దట్టి. రవికె ముడి నీతి అనే కవచం. చేట చేతిలోకి తీసుకుంటే అది విశ్వాసమనే డాలు. తలమీద బరువు మోసేటప్పుడు పెట్టుకునే చుట్టబట్ట రక్షణ అనే శిరస్త్రాణం.

"మరి చెప్పులు, అత్తయ్యా?" అన్నాను మొదటి రోజు. కవచంలో చెప్పులు కూడా ఉన్నాయి, మా ఇంట్లో ఎవరి కాళ్ళకూ లేవు.

"నాటేసేటోళ్ళకు బురదనే చెప్పు బిడ్డా," అన్నది.

ఇక మిగిలింది కత్తి. కత్తి అంటే దేవుని వాక్యం. అక్కడ మాత్రం ఆవిడ ఆగి, నా వైపు చూసి, "కత్తి నీకాడ ఉన్నది. సదువొచ్చినదానివి. తియ్యి," అనేది. నేను నాలుగు వచనాలు చదివేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. ఆ ఇంటి కత్తిని నేనేనని నాకు కొంచెం కాదు, చాలా గర్వంగా ఉండేది.

చిక్కంతా ప్రార్థన దగ్గర వచ్చింది. అన్నం ముందు కూర్చుని నేను సృష్టి దగ్గర మొదలుపెట్టి ఇంకా జలప్రళయం దాకా కూడా రాకముందే, నేను ఊపిరి పీల్చుకునే సందు చూసి, అత్తయ్య గట్టిగా "ఆమేన్!" అనేది. ఆమేన్ పడ్డాక ఇక చేసేదేముంది? మా ఆయన అప్పటికే ముద్ద కలిపేవాడు. కోదాడ నుంచి మా నాన్న చూడడానికి వచ్చిన రోజున, ఆయన ముందు నా విద్య చూపిద్దామని గొంతు సవరించుకున్నాను. అధికారుల దాకా వచ్చానో లేదో, "ఆమేన్!"

"చారు సల్లగైతాంది బిడ్డా. దేవుడు ఏడికి పోడు," అన్నది. మా నాన్న నవ్వేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఆ రోజుతో ఆరలేదు.

అలాగని ఆవిడ ప్రార్థన చిన్నదేమీ కాదు. చిన్న మాటలే, గొంతు మాత్రం పెద్దది. పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసే గొంతు అది. ఆ ఏడు ఊళ్ళో ఇంకా కమ్యూనిస్టుల గొడవలు సద్దుమణగలేదు. సాయంత్రం కూటాలు మానేసి పగలే పెట్టుకునేవాళ్ళం. ఒకరోజు ఆవిడ మందిరంలో, "వాని కోటలు కూలగొడతం, వాని బాణాలు ఇరగ్గొడతం, ఒక్కన్ని కూడ ఇడిసిపెట్టం!" అని అరుస్తోంది. రోడ్డు మీద పోతున్న మిలిటరీ వాళ్ళిద్దరు తుపాకులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు తెలుగు రాదు, గొంతు మాత్రం అర్థమైంది. మా సంఘపెద్ద వణుక్కుంటూ లేచి, వచ్చీరాని ఉర్దూలో, "సైతాన్, సాబ్. సైతాన్ సే లడాయి," అన్నాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వి, మా అత్తయ్యకు సలాం కొట్టి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి యుద్ధం ప్రార్థనలు మెల్లగా చేసుకోవాలని సంఘపెద్ద హుకుం జారీ చేశాడు. నెమ్మదిగా చెయ్యడం ఆవిడ వల్ల కాలేదు.

వానాకాలం నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో నాకు జ్వరం తగిలి ఒళ్ళంతా పొక్కులు పోశాయి. ఊళ్ళో అందరూ ఆటలమ్మ అనేవారు. మా ఇళ్ళలో ఆ పేరు పలకడం తప్పు, పొక్కులు అనే అనాలి. అలాంటప్పుడు ఊరంతా గుమ్మానికి వేపమండలు కడతారు. మా గుమ్మానికి కట్టలేదు. కట్టకూడదని సంఘంలో గట్టి కట్టుబాటు. అమ్మవార్ల పూజ వదిలి వచ్చిన వాళ్ళం, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు. జ్వరంలో కళ్ళు మూతలు పడుతూ కూడా నేను మా గుమ్మాన్ని కనిపెట్టుకునే ఉన్నాను, ఎక్కడైనా ఒక్క ఆకు కనిపిస్తుందేమోనని.

గుమ్మానికి కనిపించలేదు. నా మంచానికి పైన, దూలానికి కనిపించింది.

పసుపు గుడ్డలో కట్టిన మూట ఒకటి అక్కడ వేలాడుతోంది. ముడి దగ్గర వేపాకులు బయటికి పొడుచుకుని వచ్చి ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున అత్తయ్య దాన్ని కిందికి దించి, ముడి విప్పి, నాకు వీపు తిప్పి ఏదో చేసి, మళ్ళీ కట్టి, దానిమీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుని గొణిగేది. మందిరం కప్పు లేచిపోయేలా ప్రార్థించే మనిషి గొణుగుతోంది! ఇంకేం కావాలి నాకు? అది ముడుపు. నాకు నయమైతే చెల్లిస్తానని అమ్మవారికి కట్టిన మొక్కు. సాతాను మీద అంత కత్తి దూసే మనిషి, కోడలికి నాలుగు పొక్కులు రాగానే చాటుగా వాడి గుమ్మానికే పోయిందన్నమాట.

నేను ఆవిడను అడగొచ్చు. "అత్తయ్యా, అదేంటి?" అంటే అయిపోయేది. అడగలేదు. ఎందుకు అడగలేదో ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను. అడిగితే ఆవిడ ఏదో ఒక జవాబు చెప్తుందని భయం. నాకు జవాబు అక్కర్లేదు. మా నాన్న ముందు పడిన ఆమేన్‌కు బదులు కావాలి.

పదకొండో రోజుకు నాకు నయమైంది. ఆ వారమే ప్రభువు సంస్కారం వచ్చింది. మా సంఘానికి పాస్టరు లేడు. మిర్యాలగూడ నుంచి అయ్యగారు బండి కట్టించుకుని ఏడాదికి మూడుసార్లు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. అందుకు ముందురోజు, శనివారం మధ్యాహ్నం, సంఘపెద్ద అందరినీ సిద్ధపరచడానికి ఆయత్తకూటం పెట్టేవాడు. అక్కడ ఒక్కొక్కరూ లేచి, "నాకు ఎవరి మీదా పగ లేదు" అని చెప్పాలి. చెప్పలేనివాళ్ళు మర్నాడు రొట్టెకు రాకూడదు. రొట్టెకు రాకుండా వెనక కూర్చోవడం కంటే మా అత్తయ్యకు పెద్ద శిక్ష లేదు. కాన్పైన మూడో వారానికే కొడుకును చంకనేసుకుని వచ్చి రొట్టె తీసుకున్న మనిషని చెప్పుకునేవారు.

నా వంతు రాగానే లేచి, "నాకు ఎవరి మీదా పగ లేదు," అన్నాను. గొంతు ఎక్కడా తడబడలేదు. తర్వాత సంఘపెద్ద, జ్వరం నుంచి లేచినదాన్ని కదా అని, నన్నే ప్రార్థన చెయ్యమన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

సృష్టి దగ్గర మొదలుపెట్టలేదు ఆ రోజు. సూటిగా విషయానికి వచ్చాను. "ప్రభువా, శత్రువు బయట లేడు. మా ఇంటి దూలానికే వేలాడుతున్నాడు. పసుపు గుడ్డలో, వేపాకుల మధ్య దాక్కున్నాడు. మా ఇంటి పెద్దలే వాడికి ముడుపు కట్టారు. వాళ్ళ కళ్ళు తెరువు, తండ్రీ…" ఇలా సాగింది. ఒకరి గుట్టు నలుగురిలో చెప్తే చాడీ అవుతుంది, కళ్ళు మూసుకుని దేవుడికి చెప్తే భక్తి అవుతుంది. మా వాళ్ళకు మాత్రమే సాధ్యమైన ఈ సౌకర్యాన్ని నేను ఆ రోజు పూర్తిగా వాడుకున్నాను. మధ్యలో రెండు మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నాను. ఆమేన్ పడలేదు. పావుగంటా సాగింది, చివరికి నా ఆమేన్ నేనే అనుకోవాల్సి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి అందరూ అత్తయ్య వైపు చూస్తున్నారు. మా ఆయన చాప అంచు పీకుతున్నాడు.

"ఏందమ్మా ఆ మూట?" అని అడిగాడు సంఘపెద్ద.

"రేపు ఇప్పుత. గప్పటిదాంక దేవునికి తెల్సు," అన్నది అత్తయ్య.

"గిప్పుడే చెప్పరాదు?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. సంఘపెద్ద చాలాసేపు గడ్డం గోక్కుని, "గట్లయితే రేపు అయ్యగారు ఇచారించేదాంక నువ్వు రొట్టెకు రావొద్దు," అన్నాడు.

"మంచిది," అన్నదావిడ. అంతే అన్నది. గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తినబోతే ముద్ద లోపలికి పోలేదు. జ్వరం వల్లనని చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు దోపుకున్నది, రవికె ముడి బిగించుకున్నది, చేట ముట్టుకున్నది, చుట్టబట్ట ముట్టుకున్నది. కత్తి దగ్గరికి వచ్చేసరికి నా వైపు చూడలేదు. మూట తీసుకుని, మందిరం ఊడ్చడానికి వెళ్ళిపోయింది. రొట్టె లేకపోయినా ఊడ్చే పని ఆవిడదే. మా ఆయన అయ్యగారికి ఎదురెళ్ళాడు. నేనొక్కదాన్నే కూర్చుని జడ వేసుకుంటున్నాను.

అప్పుడు వచ్చింది పక్కింటావిడ. అత్తయ్య నాట్ల గుంపులోదే. మా మతం కాదు, ఏటా బోనమెత్తే మనిషి. నాకోసం మజ్జిగ ముంత తెచ్చింది.

"నిమ్మళమైనవా పంతులమ్మా? మీ అత్త పడ్డ కష్టానికి నువ్వు లేసి తిరగాలె," అన్నది.

"ఏం కష్టంలే. మీ అమ్మవారికి ముడుపు కట్టిందిగా," అన్నాను విసురుగా.

"ముడుపా? ఏం ముడుపు?"

"పసుపు గుడ్డ మూట. వేపాకులు కూడా పెట్టింది."

ఆవిడ మజ్జిగ ముంత కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఆకు నేనే ఇచ్చిన. మా చెట్టుది. వానకాలం బియ్యంల పురుగు పట్టదా? మీ కోదాడల పట్టదేమో!" అన్నది. "నీకు జరమొచ్చిన దినం సంది మీ అత్త పొద్దటి బువ్వ తినలే. గట్టు మీద అందరం సద్ది తింటుంటే గామె నీళ్ళు దాగి నాట్లకు దిగేది. పదకొండు దినాలు! ఎందుకే అంటే, నా కోడలు లేసెదాంక నా పొద్దటి బువ్వ దేవునిది అన్నది. ఆ బియ్యమే రోజింత దీసి మూటగట్టింది. మీ గుడిల ఇస్తదంట. ఎవ్వరికి జెప్పకు, నోట్లకెళ్ళి బయటికొస్తే ఉపాసం ఖరాబైతది అని నాతోటి ఒట్టేయించుకున్నది. ఇగ నువ్వు లేసినవ్ గదా అని చెప్తున్న."

దువ్వెన చేతిలోనే ఉంది. పసుపు గుడ్డ కూడా పురుగు కోసమేనని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. జరిగింది ఆవిడకు చెప్పాను.

"అయ్యో నీ నోరు పడ! నడువ్! నేను గూడ వస్త. నీ నోటిని నమ్మేటట్టు లేదు," అని నా రెక్క పట్టుకుంది.

సగం వేసిన జడతో సూర్యాపేట బజారులో పరిగెత్తాను. వెనక ఆవిడ. మేం వెళ్ళేసరికి అయ్యగారు బల్ల ముందు నిలబడి ఉన్నారు. బల్లమీద తెల్ల గుడ్డ కింద రొట్టె, పక్కన పసుపు మూట. అత్తయ్య అందరికీ వెనక, గుమ్మం దగ్గర, చాప అయిపోయిన చోట మట్టి మీద కూర్చుని ఉంది.

నేను తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ప్రార్థన చేస్తావా అమ్మా?" అని అడిగారు అయ్యగారు, నా జడ వైపు అనుమానంగా చూస్తూ.

"వద్దండీ. ఎవరూ కళ్ళు మూసుకోవద్దండీ," అన్నాను.

నిన్న అందరి కళ్ళూ మూసి ఉండగా చెప్పాను. ఈ రోజు అన్ని కళ్ళూ నా మీదే ఉన్నాయి. పావుగంట తడబడని నోరు నాలుగు మాటలకు నాలుగుసార్లు ఆగింది. అది ముడుపు కాదు, నా కోసం ఆవిడ మానేసిన అన్నం, నేను అడగకుండా నింద వేశాను, పగ లేదని అబద్ధమాడాను. ఇంతే చెప్పగలిగాను. పక్కింటావిడ గుమ్మం బయటి నుంచే, "నిజమే అయ్యగారూ, ఆకు నాదే!" అని అరిచింది.

అయ్యగారు ముడి విప్పారు. ఎండిన వేపాకులు బల్లమీద రాలాయి. కింద బియ్యం. ఆయన ఒక ఆకు తీసి చూసి, "మా ఇంట్లో బియ్యపు కుండలోనూ ఇదే," అన్నారు. తర్వాత అత్తయ్యను లేపి అడిగారు. "పెద్దమ్మా, నీకు ఎవరి మీదైనా పగ ఉందా?"

ఆవిడ నా వైపు చూసింది. అందరిలా వెంటనే లేదని అనలేదు.

"నిన్న ఉండె అయ్యగారూ. రాత్రంత వానితోని కొట్లాడిన. తెల్లారేటాళ్ళకు ఖతమైంది," అన్నది. ఆగి, "దానికి నా మీద లగ్గమైన కాన్నుంచి ఉన్నది. పోయిందేమో అడుగుండ్రి," అన్నది.

ఆవిడకు అంతా తెలుసు! తెలిసే పదకొండు రోజులు అన్నం మానేసింది. నేను ఏడుస్తూ తలూపాను. ఆ పూట మేమిద్దరం పక్కపక్కనే మోకరించి రొట్టె తీసుకున్నాం. లేచేటప్పుడు ఆవిడ నా చెవిలో, "కత్తి మంచిగనే ఉన్నది బిడ్డా. ఒరనే లేదు," అన్నది.

సంస్కారం రోజున ప్రేమవిందు ఉంటుంది. అందరూ తెచ్చిన బియ్యంతో పాటు ఆ మూటలోదీ ఏరి, కడిగి, ఒకే గుండిగలో వండాం. విస్తళ్ళు వేశాక సంఘపెద్ద ప్రార్థన ఎవరు చేస్తారని చూశాడు. "నా కోడలు జేస్తది," అన్నది అత్తయ్య. నేను లేచి, "దేవా, ఈ అన్నం నీదే. ఎవరి ఆకలి ఇందులో ఉందో నీకు తెలుసు," అని ఆగిపోయాను. అందరూ కళ్ళు మూసుకుని మిగతాదాని కోసం ఎదురుచూశారు.

"అయిపోయిందా?" అన్నదావిడ ఒక కన్ను తెరిచి.

"అయిపోయింది అత్తయ్యా."

"ఆమేన్!" అన్నది. రోడ్డు దాకా వినబడి ఉంటుంది.

నేనే వడ్డించాను. ఆవిడ తలొంచుకుని ముద్ద మీద ముద్ద తిన్నది. పక్కవాళ్ళు లేచిపోతున్నారు, ఆవిడ లేవలేదు. ఉపవాసం గురించి నాతో అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అప్పుడు విస్తరి ముందుకు జరిపి, "ఇంకింత పెట్టు బిడ్డా. పదకొండు పొద్దుల ఆకలి," అన్నది.

పెట్టాను. చాలు అనేదాకా పెట్టాను.